కారణం గడి

కంప్యూటర్లు బాగుచేసే ఇరుకు షాపు. పగలు పదిన్నర. షట్టరు సగం దించి ఉంది. లోపల అక్క, తమ్ముడు.

"నెల రోజుల్నుంచీ ఇదే పాట పాడుతున్నావు, లేవట్లేదు లేవట్లేదని. ఇవాళ నా కళ్ళముందు లేపు."

"లేస్తే లేపనా అక్కా? పందొమ్మిదేళ్ల నాటి డిస్కు. కోర్టు బీరువాలో పడి పడి తుప్పు పట్టింది."

"డిస్కుకి పట్టిందేమో తుప్పు. ఫైలుకి ఎక్కడ పడుతుందిరా? డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా దించి ఇచ్చారు కోర్టువాళ్ళు. ఒక్క అక్షరం పోలేదని కాయితం కూడా ఇచ్చారు."

"ఫైలు బాగున్నంత మాత్రాన..."

"మొదలుపెట్టు. నాలుగింటిలోపు లాయరు పిటిషన్ వెయ్యాలి. ఇవాళ దాటితే నాన్న కేసు ఇక ఎవ్వరూ ముట్టుకోరు."

"టీ తాగి మొదలుపెడదాం."

"నాకొద్దు."

"నాక్కావాలి."

"ఇది లేచాక తాగుదువుగాని. కూర్చో."

"అసలు ఇంకా ఏం చూడాలక్కా అందులో? పంపుహౌసులో నాన్న మోటారు ఎప్పుడు వేశాడో, ఎప్పుడు ఆపాడో ఆ ప్రింటు మన దగ్గర ఉండనే ఉంది."

"ఉంది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మూడు పదికి మోటారు ఆన్, మూడు పందొమ్మిదికి ఆఫ్. ఆ కాయితం పట్టుకునేగా నాన్నని జైల్లో వేసింది. ట్యాంకు కడిగేవాళ్ళలో ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడు, మోటారు వెయ్యొద్దని సూపర్‌వైజరు ఆఫీసు నుంచి ఫోన్ చేసింది మూడు గంటల రెండు నిమిషాలకి. అది టెలిఫోన్ వాళ్ళ రికార్డు. మూడు రెండుకి చెప్తే మూడు పదికి వేశాడు, అంటే తెలిసే వేశాడు అన్నారు."

"నాకు తెలుసక్కా."

"నాన్నేమో ఫోనొచ్చేసరికే మోటారు నడుస్తోంది, వినగానే పరిగెత్తి ఆపాను అన్నాడు. ఒక్కసారి అన్నాడు. మళ్ళీ అనలేదు. నేను నాన్నని నమ్ముతున్నాను. నాన్న నిజం చెప్పాడంటే ఆ కంప్యూటర్ గడియారం తప్పు చెప్పి ఉండాలి. అంతే కదా?"

"గడియారం డిస్కులో ఉండదక్కా. మదర్‌బోర్డు మీద ఉంటుంది. ఆ బోర్డు ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది. ఇది లేపినా చూపించేది నా కంప్యూటర్ టైమే."

"ఇలాగే అంటావని తెలుసు. ఆ పంపుహౌసు ప్రోగ్రాం రాసిన కంపెనీ పుస్తకం సంపాదించాను. ఇదిగో, పేజీ మడిచిపెట్టా. ఆ రోజుల్లో కంప్యూటర్లు రోజూ కొంత వెనకబడేవట. అందుకని 'గడియారం సవరణ' అని ఒక పేజీ పెట్టారు. ఎన్ని నిమిషాలు కలపాలో రాస్తే ప్రోగ్రాం కలుపుకుంటుంది. గోడ మీద ఎర్ర అంకెల గడియారం కూడా దాన్ని బట్టే నడుస్తుంది. ఆ సవరణ ఉండేది డిస్కులోనే. ప్రోగ్రాం నడిస్తే తప్ప కనపడదు."

"ఎవరిచ్చారు ఈ పుస్తకం?"

"ఎవరిస్తే ఏం? మా ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆయన వెతికిపెట్టాడు. ఎమ్యులేటరు ఎలా నడపాలో కూడా రాసిచ్చాడు. పాత కంప్యూటర్ లేకపోయినా ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రాం కదా ఇది. ఆ డిస్కుకి తనింకా పంపుహౌసులోనే ఉన్నాననిపించాలి. చాలా?"

"బాగానే చదివొచ్చావు."

"చదవాల్సొచ్చింది. ఇంట్లో ఒక ఇంజినీరుండీ. కొట్టు."

"కొడుతున్నా... చూడు. నువ్వే చూడు. 'బూట్ అయ్యే డిస్కు లేదు' అంటోంది. నేనేం చెప్పాను?"

"ఫైలుని సీడీ అని ఇచ్చావు."

"ఏదీ?"

"ఇదిగో, ఇక్కడ. డిస్కుని తీసుకెళ్ళి సీడీ అంటే ఎక్కడ లేస్తుంది? రోజూ ఇదే పని చేసేవాడివి, ఇంత తప్పు చేస్తావా?"

"తొందరలో పడింది."

"మార్చు. పక్కన 'రా' అని కూడా రాయి. డిస్కు ఉన్నదున్నట్టు దించిన పచ్చి ఫైలు అని మనమే చెప్పాలట. చెప్పకపోతే అదే ఊహించుకుని సగం పనులు చెయ్యనంటుందట. కోర్టు కాపీ మీద గీత పడకుండా రాతలన్నీ పక్కన పడేట్టు కూడా పెట్టు."

"అది పెట్టాను."

"చూపించు... ఆ, సరే. చంటీ, రెండక్షరాలు కొట్టడానికి ఇంతసేపా?"

"పొద్దున్నుంచీ ఏం తినలేదు."

"అబద్ధం. మీ ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పింది, రెండు ప్లేట్లు లాగించి వెళ్ళావని."

"దానికి నోరాగదు. అక్కా, ఒక్క మాట. నాన్న వద్దన్నాడు కదా?"

"నాన్న అన్నింటికీ వద్దనే అంటాడు. అప్పీలు వద్దన్నాడు. లాయరు వద్దన్నాడు. ఆ ట్యాంకులో పోయిన మనిషి పెళ్ళాం రోడ్డు మీద ఎదురుపడి 'చెప్పినా ఎందుకు వేశావయ్యా?' అని అడిగితే తల దించుకుని నిలబడతాడు. ఆవిడ కాసేపు చూసి రోడ్డు దాటి అటు పోతుంది. పందొమ్మిదేళ్లుగా అదే ప్రశ్న, అదే రోడ్డు దాటడం. నీ చెయ్యి పట్టుకుని నేను పక్కన నిలబడి చూశాను, నువ్వప్పుడు చిన్నవాడివి. ఒక్కసారైనా నాన్న నోరు విప్పలేదు. తప్పు చెయ్యనివాడు ఎందుకు విప్పడు?"

"విప్పితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి."

"ఏమన్నావు?"

"ఏం లేదు. ఫోన్ మోగుతోంది. నాన్నే."

"స్పీకర్లో పెట్టు."

"తర్వాత మాట్లాడతానని చెప్తా."

"స్పీకర్లో పెట్టరా."

"హలో, నాన్నా. అక్క ఇక్కడే ఉంది. వింటోంది."

"చంటీ, అది ఇంకా లేపలేదుగా?"

"లేపుతున్నాం నాన్నా, నేనే కూర్చోబెట్టి లేపిస్తున్నా. నీకెందుకు అంత భయం?"

"అమ్మలూ, ఇంటికి రా అమ్మా. అయిపోయిన పని అది. పెద్ద బరువంతా మోసేశాను, మిగిలింది గుప్పెడు. అదీ మోస్తాను."

"నువ్వు మోస్తావు. నేను చూడలేను. నువ్వు పడుకున్నాక గోడవైపు తిరిగి ఏడవడం అమ్మ చూసింది, నేనూ చూశాను. మనిషి లోపలున్నాడని తెలిసి మోటారు వేశావని ఊరంతా అంటుంటే నేను ఊరుకోవాలా?"

"ఊరు నోరు మూయించడానికేనా ఇదంతా?"

"కాదు. నీకోసం. నువ్వు పోయాక నీ పేరు పక్కన ఆ మాట ఉండకూడదు."

"ఉంటే ఉండనీ. నాకేం నొప్పి లేదు."

"నాకుంది. చంటీ, ఎంటర్ కొట్టు."

"అక్కా..."

"కొట్టకపోతే నేను కొడతా. జరుగు."

"అక్కా, ఆ తీగ తొక్కకు... అయ్యో."

"ఏమయింది? ఎందుకు ఆరిపోయింది?"

"ప్లగ్గు ఊడింది. చెప్పానుగా తొక్కకు అని."

"నా కాళ్ళు రెండూ స్టూలు మీద ఉన్నాయిరా. ప్లగ్గు పీకింది నువ్వు. నా కళ్ళతో చూశాను. చంటీ, నా ముఖం చూసి చెప్పు. ఇది ఇంతకుముందే లేపి చూశావు కదూ?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు ఫైలు ఇచ్చిన రోజే."

"నెల. నెల రోజులు నన్ను తిప్పావు. తేదీ దాటిపోయేదాకా తిప్పుదామనుకున్నావు. ఏముందిరా అందులో? నాన్నా, నీకూ తెలుసా వీడు చూశాడని?"

"నాకు చెప్పాడమ్మా. నేనే ఆపమన్నాను."

"బాగుంది. ఇద్దరూ ఒకటి, నేను పరాయిదాన్ని. ప్లగ్గు పెట్టు. ఆ సీడీ సంగతి నాకు చెప్పక్కర్లేదు, నేనే రాసుకుంటా... డిస్కు... 'రా'... ఎంటర్. చూడు, లెక్కపెట్టుకుంటోంది. లేస్తోంది. పాత విండోస్ కిటికీల బొమ్మ వచ్చింది."

"అమ్మలూ, నామాట విను."

"వింటున్నా నాన్నా, నువ్వు మాట్లాడుతూ ఉండు. ఆ... నీలం తెర. మోటారు ఒకటి, మోటారు రెండు, వాల్వు. ఇదే. అచ్చం ఇదే. నాన్నా, నీ కుర్చీ గుర్తుందా? తిరిగేది. దానికోసమేగా ఆదివారాలు నీతో డ్యూటీకి వచ్చేదాన్ని. ఇదిగో, పైన మూల గడియారం. చంటీ, నీ గోడ గడియారం కరెక్టేనా?"

"కరెక్టే."

"ఫోన్లో కూడా పదకొండు పది. తెర మీద పదకొండు ఇరవై అయిదు. చంటీ... పదిహేను నిమిషాలు ముందుంది."

"అవును."

"ముందుందిరా. మూడు పదిలోంచి పదిహేను తీసెయ్. రెండు యాభై అయిదు. నాన్న మోటారు వేసింది రెండు యాభై అయిదుకి. ఫోనొచ్చింది మూడు రెండుకి. ఆపింది మూడు పందొమ్మిదికి కాదు, మూడు నాలుగుకి. రెండు నిమిషాలు. ఫోన్ పెట్టేసి మోటారు దగ్గరకి పరిగెత్తడానికి పట్టిన టైము. నాన్నా, నువ్వు నిజమే చెప్పావు. నువ్వు నిజమే చెప్పావు నాన్నా."

"ఏడవకమ్మా."

"ఏడవనీ. చిన్నప్పుడు కూడా సరిగ్గా ఏడవలేదు నేను. బుధవారం అది జరిగితే, గురువారం నా ప్రైజుల రోజు. నువ్వు వస్తావని గేటు దగ్గరే నిలబడ్డాను, నువ్వేమో స్టేషన్లో ఉన్నావు. నాకు కోపం వచ్చింది. నీ మీద కోపం వచ్చింది నాన్నా, నాకు తెలీదు కదా."

"నువ్వు పదేళ్ల పిల్లవి. నీకేం తెలుస్తుంది?"

"అక్కా, సాధించావుగా. తెర ఫోటో తీసుకో, పద. నేనే బండి మీద లాయరు దగ్గర దింపుతా. ఇది కట్టేస్తున్నా."

"ఆగు. మౌస్ వదులు. ఎవరు మార్చారో చూడాలి."

"ఎందుకు? నాన్న తప్పు లేదని తేలిందిగా."

"జడ్జి అడగడూ? మీరే ఇప్పుడు మార్చి తెచ్చారంటే? ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో సవరణ పేజీలో ఉంటుంది. పుస్తకంలో రాశాడు, కారణం గడి నింపకపోతే మార్పు సేవ్ కాదట. ఆఫీసువాళ్ళు పెట్టించుకున్న గడి మరి, కారణం లేనిదే అగ్గిపుల్ల కూడా గీయరుగా."

"జడ్జికి అంత ఓపిక ఉండదులే."

"నాకుంది. ఇంకో సంగతి తట్టింది నాకిప్పుడు. మూడింటిదాకా ట్యాంకు కడిగే టైము. మోటారు మూడు పదికి. నాన్న ఎర్ర గడియారం చూసి మూడు పదికే వేశాడు. కానీ అసలు టైము రెండు యాభై అయిదు, మనుషులు ఇంకా లోపలే ఉన్నారు. అంటే ఆ మనిషి పోయింది నాన్న వల్ల కాదు. ఈ పదిహేను నిమిషాల వల్ల. ఇవి ఎవడు పెట్టాడో వాడి వల్ల. ఒక ప్రాణం తీసి, నాన్న పరువు తీసి, ఎక్కడో హాయిగా తిని తిరుగుతుంటాడు. వాడి చేతులు పడిపోను."

"తిట్టకక్కా."

"తిడతాను. ఎందుకు తిట్టకూడదు?"

"తెలీక చేసుంటారు."

"తెలీక చేస్తే చచ్చినవాడు లేచొస్తాడా? తెలీక చేసినవాడు ముందుకొచ్చి చెప్పొచ్చుగా, నాన్న జైలుకి పోతుంటే? నువ్వెందుకు వాణ్ణి వెనకేసుకొస్తున్నావు? చంటీ. ఇటు చూడు. ఎవడు వాడు?"

"నేనే."

"ఏంటి?"

"నేనే మార్చాను. చిన్నప్పుడు. నాన్నతో వెళ్ళి ఆడుకుంటూ నొక్కేశాను. అందుకే నెల రోజులు దాచాను. సరేనా? ఇక ఆపు."

"చంటీ, నోర్ముయ్. అమ్మలూ, వాడి మాట నమ్మకు. గడియారం నేనే మార్చాను. వెనకబడుతోందని నేనే పదిహేను పెట్టి మర్చిపోయాను."

"నాన్నా, నువ్వు ఊరుకో."

"నువ్వూరుకో."

"ఇద్దరూ ఊరుకోండి. ఒకే పని ఇద్దరు చేశారా? చంటీ, నీకప్పుడు నాలుగేళ్లు. పలక మీద దిద్దడం కూడా రాదు, కారణం గడి ఎలా నింపావు? నాన్నా, నీకు మౌస్ పట్టుకోవడమే రాకపోతే నేనేగా నీ చెయ్యి పట్టుకుని నేర్పింది. సవరణ పేజీ ఎక్కడుందో నీకు తెలుసా? నీకోసం వాడు అబద్ధం చెప్పట్లేదు. వాడికోసం నువ్వూ చెప్పట్లేదు. ఇద్దరూ కలిసి ఎవరికోసం చెప్తున్నారు?"

"అక్కా, దణ్ణం పెడతా. కట్టేద్దాం."

"చెయ్యి తియ్యి. సెట్టింగులు... గడియారం... ఇదిగో. సవరణ పదిహేను. మార్చిన రోజు ఆదివారం. ఆ బుధవారానికి ముందు ఆదివారం. సోమవారం, మంగళవారం నాన్న ఐదింటి బస్సుకే వచ్చాడు. అమ్మ అన్నది, ఇవాళేంటి పొద్దుండగానే... ఆదివారం నాన్నతో పంపుహౌసుకి..."

"అమ్మలూ, చదవొద్దు తల్లీ."

"ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. 'కారణం: గురువారం నా ప్రైజుల రోజు. నాన్న ఐదింటి బస్సుకి రావాలి.'"

"అక్కా. అక్కా, నీళ్ళు తాగు. ఇటు చూడు."

"నాన్న ఎప్పుడూ ఎర్ర గడియారంలో ఐదు అయ్యేదాకా తాళాలు వెయ్యడు. ఐదింటి బస్సు పోయేది. తర్వాత బస్సు ఆరున్నరకి. ప్రైజులు ఆరింటికి."

"అక్కా."

"సేవ్ నొక్కితే ఊరుకోలేదు. కారణం రాయమని ఎర్రగా కొట్టుకుంది. నాన్న బయట వాల్వు దగ్గరున్నాడు. రాశాను. రాసి కుర్చీ గిర్రున తిప్పుకుంటూ కూర్చున్నాను. మర్చేపోయాను చంటీ. ఇంత పని చేసి మర్చిపోయాను."

"పదేళ్ల పిల్లవే తల్లీ నువ్వు."

"నాన్నా, నీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. సూపర్‌వైజరు చేతి వాచీ చూశాను, గోడ మీద ఎర్ర గడియారం చూశాను. వాళ్ళు లోపలికి వచ్చేలోగా ఆ పేజీ వెతికి తెరిచాను. చదివాను. మూసేశాను."

"సున్నా పెట్టెయ్యొచ్చుగా? నేనే మార్చానని చెప్పెయ్యొచ్చుగా?"

"సున్నా పెట్టాలన్నా కారణం రాయమంది తల్లీ. నాకేం రాయాలో తోచలేదు. నేనే మార్చానంటే పేజీ తెరిచి చూస్తారు, నీ రాత చదువుతారు. గడియారం మాటెత్తకపోతే ఎవరూ చూడరనుకున్నా. చూడలేదు కూడా. ఒక మనిషి చావు నీ నెత్తిన పడితే నువ్వు ఎలా పెరిగేదానివి? నా నెత్తిన అయితే నేను అప్పటికే పెరిగినవాణ్ణి."

"ఆవిడకి కూడా చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ తల దించుకున్నావు."

"ఏం చెప్పను?"

"అక్కా, విను. పన్నెండు కూడా కాలేదు. ఇది ఇప్పుడే కట్టేస్తే ఎవరికీ తెలీదు. లాయరుతో లేవలేదని చెప్దాం. నాన్న కూడా అదే అంటున్నాడు. ముగ్గురం నోరు మూసుకుందాం."

"ప్రింటరులో కాయితాలున్నాయా?"

"అక్కా..."

"ఈ పేజీ తియ్యి. కారణం గడితో సహా. ఒక్క అక్షరం తగ్గకూడదు. రెండు కాపీలు."

"ఒకటి లాయరుకి. రెండోది ఎవరికి?"

"ఆవిడకి. పందొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్న అడగాల్సింది నాన్నని కాదు, నన్ను అని చెప్పి ఇస్తాను."